వార్షికోత్సవం నాటికి గిటారు

బడిలో వడ్రంగం పీరియడు అంటే ఇన్నాళ్లూ పీటలు, దేవుడి పటాలకు గూళ్లు, అప్పడాల కర్రలు. పీటకు ఒక కాలు పొట్టిదైతే కింద అట్టముక్క దోపి తనిఖీకి వచ్చిన ఆఫీసరు ముందు నిలబెడితే పని అయిపోయేది. ఆ రోజులు పోయాయి. పీట పక్కన నిలబడి ఫోటో దిగితే వాట్సాప్ గ్రూపులో ఎవరూ చూడరు. అందుకని ఈ ఏడు మీ పిల్లల చేత గిటారు చేయించండి. ఆదివారం ప్రార్థనలో పాటలు పాడేవాళ్ల పక్కన, ఇంజినీరింగు కాలేజీ హాస్టలు మెట్ల మీద కర్నూలు పిల్లలూ కడప పిల్లలూ చూస్తున్న వాద్యమే కదా. ఎలా ఉంటుందో తెలిశాక ఎలా చేయాలో తెలియకపోవడం ఏముంటుంది?

ఈ సలహాలు సీమ బళ్లలో వడ్రంగం క్లాసు నెత్తిన పడ్డ సార్ల కోసం, మేడంల కోసం. వీటిని తు.చ. తప్పకుండా పాటిస్తే గిటారు ఆకారం గల వస్తువు తప్పకుండా తయారవుతుంది.

అన్నిటికన్నా ముందు తేదీ ఖాయం చేసుకోండి. ముఖ్య అతిథి ఏ రోజు ఖాళీగా ఉంటారో కనుక్కుని, ఆ రోజును వార్షికోత్సవంగా ప్రకటించి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఎన్ని రోజులు మిగిలితే గిటారుకు అన్ని రోజులే పడుతుంది. ప్రభుత్వం మద్దతు కూడా మీకుంది. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లలు ఒక పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి వాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని రాశారు. 1937లో వార్ధాలో గాంధీ చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్నాడు. ఏళ్ల తరబడి చేయించాలని ఆయన అనుకుని ఉంటాడు గానీ, చివరికి తేలింది పది రోజులు. పది రోజులంటే పది రోజులే. ఒక వడ్రంగి, ఒక గిటారు, ఒక ఫ్లెక్సీ.

ఎంతకాలం పడుతుందని తెలిసినవాళ్లను మాత్రం అడగొద్దు. మొదటి గిటారు చేతితో చేసేవాడికి వంద గంటలు దాటుతుందని చెప్పి బెదరగొడతారు. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి నలభై అయిదు నిమిషాలు, అందులో పనిముట్లు తీసి మళ్లీ సర్దడానికి పావుగంట పోతే వారానికి నికరంగా గంట. ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టినవాడు పదో తరగతి ప్రీ ఫైనల్ పరీక్షల నాటికి తీగలు బిగిస్తాడు. ఆ తల్లిదండ్రులకు ఎవరు సమాధానం చెప్పుకుంటారు?

కట్టె దగ్గర

కట్టె కోసం సామిల్లుకు పోండి. అప్పుడే కోసిన పచ్చి దుంగ అయితే మంచిది. మెత్తగా తెగుతుంది, చిత్రిక పడితే పొట్టు పొడుగ్గా చుట్టలు చుట్టుకుని లేస్తుంది, పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది. నీళ్లు పట్టి ఉంటుంది కాబట్టి బరువుగా కూడా ఉంటుంది, బరువున్నది గట్టిదని అందరికీ తెలుసు. అంగుళం మందం పలక నీడలో ఆరడానికి ఏడాది పడుతుందని పాతకాలం వడ్లవాళ్లు లెక్క చెబుతారు. వాళ్లకు వార్షికోత్సవాలు లేవు.

మీ ఊళ్లో ఎవరైనా పాత మట్టి మిద్దె పడగొడుతుంటే అటు చూడకుండా నడవండి. తాతల నాడు వేసిన టేకు దంతెలూ దూలాలూ వీధిలో కుప్ప పోసి ఉంటాయి. పొగకు నల్లబడి, బల్లులు తిరిగిన మరకలతో చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి. పైన రెండు మిల్లీమీటర్లు చిత్రిక పట్టగానే లోపలి నుంచి తేనెరంగు చేవ బయటపడి, ఇన్నేళ్ల తర్వాత కూడా టేకు నూనె వాసన గుప్పున కొడుతుంది. డెబ్భై ఎనభై వేసవులు ఇంటి కప్పు కింద ఎండిన కట్టె అది. ఇక వంకర తిరగాల్సింది, పగలాల్సింది ఏమీ మిగలదు. అయితే ఒక దంతె కొని కోయించాలంటే ముందు దాని ఒంట్లో విరిగి ఉండిపోయిన మేకులన్నీ వెతికి పీకాలి. ఒక్కటి మిగిలినా చిత్రిక ఇనుము పన్ను పోతుంది. అందుకోసం అయస్కాంతం పట్టుకుని పిల్లలు ఒక పూటంతా దంతె మీద జరుపుకుంటూ కూర్చోవాలి. ఫిజిక్సు సారు ఆ పనిని తన సిలబస్సులో కలుపుకుంటానంటే ఒప్పుకోకండి.

కర్నూలు, కడప జిల్లాల్లో కట్టె మాట వచ్చాక ఎర్రచందనం రాకుండా ఉండదు. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల్లో తప్ప సహజంగా మరెక్కడా పెద్దగా పెరగని చెట్టు మన పెరట్లో ఉండగా వేరే కట్టె ఎందుకు? జపాన్‌వాళ్లు షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి కాండం ఈ కట్టెతోనే చేసుకుంటారు. పోగు అలలు తిరిగిన దుంగకైతే ఎగబడతారు. వాళ్ల వాద్యానికి పనికొచ్చింది మన గిటారుకు పనికిరాదా? ఎవరో ఒకరు వచ్చి ‘చిన్న ముక్క తెప్పిస్తా సార్, బడి పిల్లల కోసమే కదా’ అంటారు. సరేననండి. 1995 నుంచి అది అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న జాతుల జాబితాలో ఉందనీ, అనుమతి కాగితం లేకుండా ముక్క దగ్గరున్నా కేసేననీ, పట్టుబడిన దుంగలను సర్కారే వేలం వేస్తుందనీ తర్వాత తీరిగ్గా తెలుసుకోవచ్చు. ఫారెస్టువాళ్లు వస్తే పిల్లల ప్రాజెక్టని చెప్పండి. పుష్ప సినిమా వచ్చాక వాళ్లకు కొంచెం సరసం తగ్గింది గానీ, ప్రయత్నిస్తే తప్పు లేదు.

తెప్పించుకున్నాక ఆ ముక్కను పైపలకకు వాడండి. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన కట్టె. గిటారులో పలికేది ఆ పైపలకేననీ, తీగ కదిలిస్తే పలక కదిలి గాలిని కదిలించాలనీ, అందుకే అది తేలిగ్గా, గట్టిగా, మూడు మిల్లీమీటర్లకు మించకుండా ఉండాలనీ, ప్రపంచమంతా స్ప్రూస్, సెడార్ వంటి తేలిక కట్టెలనే వాడేది అందుకేననీ వాదించే వాళ్లుంటారు. స్పెయిన్‌లో ఆంటోనియో దె తోరెస్ అనే ఆయన 1862లో పక్కలూ వెనకా కాగితపు గుజ్జు అట్టతో చేసి, పైపలక మాత్రం మంచి కట్టెతో పెట్టి గిటారు చేశాడు. మోత ఎక్కడి నుంచి వస్తుందో నిరూపించడానికట. మీ బడిలో అట్టలకు కొదవ లేదు. అయినా అట్ట గిటారును ముఖ్య అతిథి చేతికి ఎలా ఇస్తారు?

ఇంకొకటి. పలక కొనేటప్పుడు అంచు వైపు తిప్పి చూడకండి. చూస్తే పోగు గీతలు నిలువుగా నిలబడి ఉన్నాయా, పడుకుని ఉన్నాయా అని తేడా కనబడుతుంది. నిలువు గీతల పలక ఎండకూ వానకూ తక్కువగా కదులుతుంది. సామిల్లాయన అలాంటిది ఏరిస్తే దుంగ వృథా అవుతుందని రేటు పెంచుతాడు.

మెట్లు, అంకెలు

వడ్రంగం క్లాసు పెట్టిందే లెక్కల నుంచి పిల్లలకు విశ్రాంతి ఇవ్వడానికి. అందుకే గిటారు మెడ మీద మెట్లను సమానంగా పంచేయండి. ఇరవై మెట్లు, మెడ పొడవు ఇంత, భాగహారం ఒకటి. చూడ్డానికి నిచ్చెన కర్రల్లా ముచ్చటగా ఉంటాయి. దాని మీద ఏ పాటా పలకదు, అది వేరే విషయం.

లెక్కల సారు ఊరుకోడు. తీగ పలికే నిడివి 648 మిల్లీమీటర్లు అనుకుని దాన్ని 17.817తో భాగిస్తాడు. 36.4 వస్తుంది, అక్కడ మొదటి మెట్టు. మిగిలిన 611.6ను మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే 34.3, అక్కడ రెండోది. ఇలా ఒక్కో మెట్టు కిందటిదానికన్నా కొంచెం దగ్గరవుతూ పోయి పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర పడుతుంది. ఆ 17.817 ఎక్కడిదని ఎనిమిదో తరగతి పిల్ల అడిగితే, రెండుకు పన్నెండో మూలం అని మొదలుపెట్టి బోర్డంతా నింపేస్తాడు. పీరియడు అయిపోతుంది. ఆయన బారి నుంచి తప్పించుకోవాలంటే 18 వాడండి. గుండు సంఖ్య, గుర్తుంటుంది. టెలిస్కోపు గెలీలియో తండ్రి విన్చెంజో గెలీలి వీణలాంటి ల్యూట్ అనే వాద్యం వాయించేవాడు. 1581లో అచ్చయిన తన పుస్తకంలో 18కి 17 చొప్పున మెట్లు పెట్టమన్నాడు. పెద్దల మాట. 18తో పోతే పన్నెండో మెట్టు 324కు బదులు 321.6 దగ్గర పడుతుంది. ఆ రెండున్నర మిల్లీమీటర్లు చెవికి ఎలా వినబడతాయో వార్షికోత్సవం సౌండ్ సిస్టమ్ చూసుకుంటుంది.

కొలిచేటప్పుడు ప్రతి మెట్టునూ దాని ముందు మెట్టు నుంచే కొలవండి. అలా కొలిస్తే ప్రతిసారీ అర మిల్లీమీటరు తప్పినా, అవన్నీ ఒకటి మీద ఒకటి చేరి పన్నెండో మెట్టు దగ్గర ఒక రూపం తీసుకుంటాయి. మొదటి చివర నుంచే అన్నిటినీ కొలిచే పద్ధతిలో తప్పుకు తప్పు అక్కడే ఆగిపోతుంది. ఇక కింద తీగలు ఆనుకునే బ్రిడ్జిని సరిగ్గా 648 దగ్గరే అతికించండి. వేలితో నొక్కగానే తీగ కొంచెం సాగి శ్రుతి పైకి పోతుందనీ, అందుకోసం దాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి, లావు తీగల వైపు ఇంకాస్త వెనక్కి వాలుగా పెట్టాలనీ చెప్పేవాళ్లు మీ స్కేలును నమ్మడం లేదన్నమాట.

మనవాళ్లకు ఈ అంకెల బాధ ఎందుకు లేకపోయిందో ఒక్కసారి చూడండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లు పనస దుంగను తొలిచి వీణ చెక్కుతారు. పైన ఇరవై నాలుగు మెట్లు. ఆ మెట్లను మైనం మీద కూర్చి, ఒక్కోటీ మీటి వింటూ, పక్కకు జరుపుతూ, చెవికి సరిపోయాకనే వదులుతారు. ఏళ్ల తర్వాత శ్రుతి తప్పితే మైనం కరిగించి మళ్లీ కూర్చవచ్చు. గిటారు మెట్టు అలా కాదు. రంపంతో గాడి కోసి, లోహపు తీగను సుత్తితో కొట్టి దింపుతారు. గాడి తప్పితే తప్పిందే. అంటే వీణ చేసేవాడు తప్పును చివరిదాకా దిద్దుకోగలడు, గిటారు చేసేవాడు ముందే ఒప్పు చేయాలి. దీన్నిబట్టి పిల్లలతో ముందు ఒక చెత్త చెక్క మీద గాళ్లు కోయించి చూడాలని ఎవరైనా అంటే, చెత్త చెక్కకు బడ్జెట్ లేదని చెప్పండి.

వంచడం, కట్టడం

గిటారు పక్కలకు రెండు మిల్లీమీటర్ల మందం బద్ద నడుము దగ్గర లోపలికీ, పొట్ట దగ్గర బయటికీ వంగాలి. రాత్రంతా బడి నీళ్ల తొట్టిలో నానబెట్టి, పొద్దున ఇద్దరు బలమైన పిల్లలను రెండు చివర్ల నిలబెట్టి లాగించండి. టప్పున శబ్దం వస్తుంది. రెండో బద్ద తెండి.

తెలిసినవాళ్లు ఈ పని వేరేగా చేస్తారు. ఇనుప గొట్టం ఒకటి బిగించి లోపల నిప్పు పెడతారు. పైన నీళ్లు చిలకరిస్తే చుక్కలు నిలవకుండా చిందులు తొక్కుతూ ఎగిరిపోవాలి, అప్పుడు గొట్టం సిద్ధం. బద్దను తడిపి దాని మీద ఆనించి, నొక్కీ నొక్కనట్టు పట్టుకుని, అటూ ఇటూ ఊపుతారు. మొదట ఏమీ జరగదు. కట్టె మొండిగా ఉంటుంది. ఆవిరి లేస్తుంది, కట్టె కాగుతున్న వాసన వస్తుంది, అరచేతికి వేడి తెలుస్తుంది. తర్వాత ఒక క్షణంలో, చెప్పకుండా, బద్ద మెత్తబడి చేతి కింద లొంగిపోతుంది. ఆ క్షణం కన్నా ముందు నొక్కితే విరుగుతుంది, తర్వాత కూడా పట్టుకుని ఉంటే మాడి నల్లబడుతుంది. ఇది పుస్తకంలో చెప్పేది కాదు, బోర్డు మీద రాసేది కాదు, నలభై మందికి ఒకేసారి చూపించేది అసలే కాదు. ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్కసారి తెలియాలి. అందుకే ఈ పద్ధతి మన బళ్లకు పనికిరాదని నా అభిప్రాయం.

పైపలక కింద ఎన్ని కట్లు వేయాలనేది తర్వాతి సమస్య. ఆరు ఇనుప తీగలూ శ్రుతికి బిగిస్తే మొత్తం లాగుడు డెబ్భై కిలోల పైన ఉంటుంది. బస్తా బియ్యం కన్నా ఎక్కువే. మూడు మిల్లీమీటర్ల పలక మీద! భయపడి లోపల దొరికిన ప్రతి బద్దనూ అతికించండి. అమెరికాలో మార్టిన్ కంపెనీ 1840ల నుంచీ రెండు బద్దలను ఇంటూ గుర్తులా వేసి చివరలు సన్నగా చెక్కుతోంది. చెక్కుతూ, పలకను వేలిముడితో తట్టి వింటూ, మళ్లీ కొంచెం చెక్కుతూ పోవడం చేసేవాళ్ల పద్ధతి. ఎక్కడ ఆపాలో చెవి చెబుతుందట. మీరు చెక్కకండి. గిటారు మీద ముఖ్య అతిథి కూర్చున్నా విరగకూడదు. అలా చేస్తే పలకదంటారా, బెంచీలు కూడా పలకవు, వాటిని ఎవరైనా తప్పు పట్టారా?

కడప బండ గురించి ఒక హెచ్చరిక. నున్నగా సాన పట్టిన నల్ల కడప బండ ఒకటి ఇనుప కొలబద్ద పెట్టి చూసి ఎత్తుపల్లాలు లేనిది ఏరుకుని, దాని మీద ఎమరీ కాగితం అంటించి మెడ పలకను రుద్దితే చదును బాగా వస్తుంది. అవతల దేశాల్లో గ్రానైటు బండ కొనుక్కుని చేసే పనిని మన ఊళ్లో అల్మారా అరల కోసం కోయించగా మిగిలిన ముక్కతో చేసేయొచ్చు. బేతంచెర్ల బండైనా సరే. ఇంత చవగ్గా, ఇంత దగ్గర్లో దొరికే వస్తువుకు ప్రాజెక్టు రిపోర్టులో విలువ ఉండదు. పిల్లలు కాంపాసుతో పేర్లు చెక్కిన డెస్కు మీదే రుద్దండి.

పనిముట్ల విషయంలో పిల్లల క్షేమం ముఖ్యం. ఉలులన్నీ మొద్దువిగా ఉండేలా చూసుకోండి. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది, బలం పెడితే జారుతుంది, జారితే పట్టుకున్న చెయ్యి ఎక్కడుందో అక్కడికే వస్తుందని, పదునైన ఉలి మాత్రం చెప్పిన చోటికే పోతుందని చెప్పేవాళ్లు సానరాయి అమ్ముకునేవాళ్లై ఉంటారు. ఆడపిల్లలకు ఎమరీ కాగితం చాలు. పొరపాటున వాళ్లలో ఒకతె కళ్లు మూసుకుని మెడ మీద వేళ్లు జరిపి, ‘ఏడో మెట్టు దగ్గర ఎత్తుంది మేడం’ అంటే, స్కేలుకు కనబడనిది నీకెలా తెలిసిందని మందలించండి. కొలబద్ద పెట్టి వెలుతురుకు ఎత్తి మాత్రం చూడకండి, కింద సందు కనబడుతుంది.

బంక, వాన, ఎండ

బంకకు తెల్ల డబ్బా చాలు. పాతకాలం ఆచారులు వజ్జరం వాడేవాళ్లు. పశువుల చర్మం, ఎముకల నుంచి తీసిన ఆ ముక్కలను నానబెట్టి, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కాచి, వేడి మీదుండగానే పూసేవాళ్లు. ఆ వాసనకు పక్క క్లాసు ఇంగ్లీషు మేడం ప్రిన్సిపాలుకు ఫిర్యాదు రాస్తుంది. పైగా దానికి ఒక దుర్గుణం ఉంది. వేడీ ఆవిరీ తగిలిస్తే అతుకు విడిపోయి మళ్లీ చేసుకోవచ్చు. మళ్లీ చేసుకునే అవకాశం ఇస్తే పిల్లలకు శ్రద్ధ ఎలా వస్తుంది? తెల్ల బంకకు ఆ గొడవ లేదు. ఆరాక గట్టిగా ఉంటుంది, కాకపోతే ఎండలో బాగా కాగితే కొంచెం మెత్తబడి, లాగుతున్న వైపు మెల్లగా జారుతుంది. కర్నూల్లో ఏప్రిల్‌లో బాగా కాగని చోటేదో నాకు తెలియదు గానీ, అక్కడ పెట్టుకోండి.

బిగించడానికి శికంజాలు లేకపోతే పాత సైకిల్ ట్యూబు రెండంగుళాల పట్టీలుగా కోసి చుట్టూ చుట్టమని చెప్పేవాడు ఎవడో ఒకడుంటాడు. అంచు పొడుగునా సమానంగా నొక్కుతుంది, ఖర్చు లేదు. పంక్చరు షాపు నుంచి బిల్లు రాదు కాబట్టి ఆ ఆలోచన మానుకోండి.

అతికించడానికి వాన కురుస్తున్న రోజు చూసుకోండి. ఇది చాలా ముఖ్యం. వానలప్పుడు కట్టె గాలిలో తేమ పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది. పొడుగునా పెద్దగా మారదు, అడ్డంగానే. మన ఇళ్లలో వానాకాలం బిగుసుకుపోయిన తలుపు వేసవిలో వదులై గాలికి కొట్టుకునేది అందుకే. ఉబ్బిన పలకకు కట్లు అతికించి పెట్టెను మూసేస్తే, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం కిందికి దిగినప్పుడు పలక ముడుచుకోవాలని చూస్తుంది. నలభై సెంటీమీటర్ల వెడల్పు పలక రెండు మిల్లీమీటర్లు ముడుచుకోవాలనుకుంటే అది చిన్న కోరికేమీ కాదు. కట్లు ముడుచుకోనివ్వవు. అప్పుడు మధ్యలో, సరిగ్గా పైపలక రెండు ముక్కలు కలిసే అతుకు పక్కన, ఒక సన్నటి గీత పుడుతుంది.

ఎండాకాలంలో అతికిస్తే ఇంత రంజుగా ఉండదు. ఎండి ముడుచుకున్న పలకను అతికిస్తారు, వానాకాలం అది కాస్త ఉబ్బి విల్లులా పైకి లేస్తుంది, తీగలు ఎత్తవుతాయి, ఎండాకాలం మళ్లీ దిగుతాయి. పగలదు. మంచి గిటార్లు చేసేవాళ్లు గదిలో తేమను 45 నుంచి 50 శాతం దగ్గర నిలిపి ఉంచడానికి యంత్రాలు పెట్టుకుంటారు. సీమలో డిసెంబరు దాటాక ఎండిన రోజులకు కరువు లేదు. కరువు నేలలో ఉచితంగా దొరికే ఈ ఒక్క సౌకర్యాన్నీ వాడుకోకుండా ఉండాలంటే పని మొత్తం అక్టోబరులో, ఈశాన్య రుతుపవనాల్లోనే ముగించాలి.

రంగు సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. లక్కను స్పిరిట్టులో కరిగించి గుడ్డతో పలుచగా పూస్తే పలక మీద బరువు పడదు. మీరు బడి గేటుకు వేసిన ఎనామిల్ పెయింటు వేయండి. మూడు పూతలు, మూడో పూత మీద బడి చిహ్నం.

వార్షికోత్సవం, తర్వాత

ముందు రోజు రాత్రి బ్రిడ్జి అతికించి, పొద్దున్నే ఆరు తీగలూ ఒకేసారి పూర్తి శ్రుతికి బిగించండి. వేదిక మీద గిటారును ముఖ్య అతిథి చేతుల్లో పెట్టండి. ఆయన పట్టుకుంటారు, నవ్వుతారు, ఫోటో అవుతుంది. ఎవరైనా వాయించమంటారేమో, కాబట్టి వెంటనే చిన్నపిల్లల కోలాటం మొదలుపెట్టించండి. వాయించాల్సిన గిటారు పక్క సందులో చర్చి నుంచి అరువు తెచ్చి తెర వెనక ఉంచుకోవడం అనుభవజ్ఞుల లక్షణం.

ఆ తర్వాత దాన్ని బడి వెనక రేకుల షెడ్డులో, విరిగిన బెంచీల మీద, తీగలు దించకుండా పెట్టి తాళం వేయండి. ఏప్రిల్ ఒకటి, మే ఒకటి. జూన్‌లో తాళం తీసేసరికి బ్రిడ్జి ఊడి తీగలకు వేలాడుతూ ఉంటుంది, పలక మీద గీత పుట్టి ఉంటుంది, మెడ విల్లు తిరిగి ఉంటుంది. రిజిస్టరులో ‘నిరుపయోగం’ అని రాసి సంతకం పెడితే మీ బాధ్యత తీరింది.

ఇక్కడ మాత్రం ఒక ప్రమాదం పొంచి ఉంది. ఎవడో ఒక పిల్లవాడు, సాధారణంగా మార్కులు తక్కువ వచ్చేవాడు, దాన్ని అడిగి తీసుకుని సైకిల్ వెనక కట్టుకుని ఊళ్లో ఆచారి దగ్గరికి పోతాడు. పోనివ్వొద్దు. అక్కడ ఇలా జరుగుతుంది.

‘యాడిదిరా అబ్బోడా ఇది?’

‘మా బడిలో చేసినాం తాతా.’

‘ఎన్నాళ్లల్లో?’

‘పది దినాలు.’

ఆయన నవ్వడు. పలకను వేలిముడితో నాలుగు చోట్ల తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. రంధ్రంలో చెయ్యి దూర్చి లోపల తడుముతాడు. ‘కట్లు శానా పెట్టినారు. దీనికి ఊపిరాడ్డంలే.’

‘బాగవుతాదా తాతా?’

‘విప్పల్ల.’

‘ఎన్ని దినాలు పడుతాది?’

‘బడి ఇడిసినాక సాయంత్రం రా. ఆ మూల ఉలి ఉంది సూడు, ముందు దాన్ని సాన పట్టు.’

వాడు రేపు పోతాడు, ఎల్లుండి పోతాడు. గిటారును చాన్నాళ్లు తాకనివ్వరు. సాన పట్టడం, చిత్రిక పట్టడం, పోగు ఎటు పోతోందో చూసి ఎటువైపు నుంచి తోయాలో తెలుసుకోవడం, మధ్యలో ఆచారికి టీ తేవడం. దసరా సెలవులు అక్కడే. ట్యూషన్ మాస్టారు వాళ్లమ్మకు ఫోన్ చేస్తాడు, వాళ్లమ్మ మీకు ఫోన్ చేస్తుంది. ఒకరోజు వాడు క్లాసులో మీ చెక్క స్కేలు అడిగి తీసుకుని, వెలుతురుకు ఎత్తి ఒక కన్ను మూసి చూసి, ‘ఇది వంగింది సార్’ అంటాడు. అంతవరకూ వస్తే ఇక చేసేదేమీ లేదు. ఆ ఆచారి దగ్గరికే మనిషిని పంపి, వచ్చే ఏడు గిటారు ఎంతకు చేసిస్తాడో గట్టిగా బేరమాడి, బిల్లు మాత్రం సుద్దముక్కలూ డస్టర్ల ఖాతాలో రాయించండి.